అద్దాల స్టేషనుకి కర్టెన్లు కుట్టినామె

ఈమె గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈమె కథ ఎవరు చెప్పినా చివరికి వచ్చేసరికి నన్ను పొగిడి ముగిస్తున్నారు. "అంతమందిలో ఆ కెమెరాలాయన ఒక్కడే నిజం చెప్పాడు" అంటున్నారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టుంటుంది. ఆ కెమెరాలవాణ్ణి నేనే.

మా వీధి మలుపులో, ఇనుప మెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. అందులో ఒక కుట్టు మిషను, గది పొడవునా ఒక బల్ల, గోడకి వేలాడే రింగుల గుత్తులు, మూలన నిలబెట్టిన రాడ్లు. తలుపు మీద బోర్డు లేదు. ఆమెని అందరూ కర్టెన్లక్క అంటారు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది కాబట్టి నేను చెల్లెమ్మా అంటాను. చెవి మీద సుద్దముక్క పెట్టుకుని దానికోసం గదంతా వెతకడం ఆమెకి రోజూ ఉండే పని. "నీ చెవి మీదే ఉంది తల్లీ" అని నేను చెబితే, "నాకు తెలుసులే, నీకు కళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూస్తున్నా" అనేది.

ఆమె బట్టలు కుట్టదు. కర్టెన్లు మాత్రమే. ఎందుకమ్మా అని అడిగితే, "మనుషులు లావెక్కుతారు, చిక్కిపోతారు, చివరికి తప్పంతా నా మీదకి తోస్తారు. కిటికీ ఎప్పుడైనా లావెక్కిందా అన్నా?" అనేది. పదిహేడో ఏట తల్లి పోతే ఒక ఆసుపత్రి బట్టల గదిలో చేరింది. మంచాల మధ్య కట్టే తెరలకి అంచులు కుట్టే పని. అప్పటికి తమ్ముడికి ఆరేళ్ళు. వాణ్ణి బట్టల మూటల మీద కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దిస్తూ, కాలితో మిషను తొక్కేదట. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడు "వాణ్ణి కూడా నాతో కలిపి తీసుకెళ్ళండి" అందట. వచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే చెప్పేది.

తమ్ముడు పెద్దవాడై అక్కతోనే పనిలో దిగాడు. ఆమె కుడుతుంది, వాడు డ్రిల్లు పట్టుకెళ్ళి రాడ్లు బిగించి తగిలించి వస్తాడు. మెత్తటివాడు. గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని సందేహించే రకం. కానీ వాడిలో ఒక జబ్బుంది. ఎదురుగా తప్పు జరుగుతుంటే కిమ్మనకుండా ఉండలేడు. బళ్ళో లెక్కల మాస్టారు కూడికలో పొరబడి తనకి నాలుగు మార్కులు ఎక్కువేస్తే, లేచి చెప్పి మరీ తగ్గించుకున్నాడు. "నా కడుపున పుట్టకపోయినా నా ప్రాణం తీయడానికే పుట్టాడు వెధవ" అని ఆమె మురిసిపోయేది.

నా పని కెమెరాలు. దుకాణాలకీ ఆఫీసులకీ బిగించేవాణ్ణి. రెండేళ్ళ కిందట ప్రభుత్వానికి ఉన్నట్టుండి పారదర్శకత మీద ప్రేమ పుట్టింది. పోలీసు స్టేషన్లకి ముందు గోడ పడగొట్టి గాజు పెట్టాలన్నారు. లోపల ప్రతి గదిలో కెమెరా ఉండాలన్నారు. పదకొండు స్టేషన్ల కెమెరాల పని నాకొచ్చింది. మా పేట స్టేషను తెరిచిన రోజు మంత్రిగారొచ్చారు. "ఈ రోజు నుంచి మీకూ పోలీసులకీ మధ్య గోడల్లేవు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను, కెమెరాలు నావి కదా. గాజు మీద ఇంతేసి అక్షరాలు అతికించారు: 'దాచడానికి ఏమీ లేదు.'

వారం తిరక్కుండానే కర్టెన్లక్కకి కబురొచ్చింది. గాజు లోపలివైపు మొత్తానికి కర్టెన్లు కావాలట. ఎండ కొడుతోందట. గుడ్డ రెండు పొరలుండాలి, వెనక నల్ల అస్తరు వేయాలి, బయటికి నీడ కూడా కనపడకూడదు అని ఇన్‌స్పెక్టరు ప్రత్యేకంగా చెప్పాడట. ఆ కొలతలు తీసుకొచ్చిన రోజు ఆమె బల్ల మీద తల పెట్టి మరీ నవ్వింది. "ఉత్తరం వైపు గాజన్నా అది! ఎండ ఏ దారిన వస్తుందో ఆ మహానుభావుణ్ణి అడుగుదామనుకున్నా. గోడ పడగొట్టి గుడ్డ కట్టిస్తున్నారు చూడు, ఆ గోడేం పాపం చేసింది?" అంది. పని మాత్రం ఎప్పటిలాగే చేసింది. నాలుగంగుళాల అంచు మడిచి, గాలికి లేవకుండా అడుగున బరువు కూడా కుట్టింది.

కర్టెన్లు పెట్టిన మూడోవారంలో లోపలి హాల్లో ఒక రాడ్డు వంగిందని కబురొస్తే తమ్ముడు వెళ్ళాడు. డ్రిల్లు పని ఒక్క రోజులో తెమల్లేదు. రెండో రోజు మిట్టమధ్యాహ్నం. పక్క గదిలో మార్కెట్లో మూటలు మోసే మనిషినొకణ్ణి కొడుతున్నారు. ఏదో దొంగతనం అనుమానమట. వీడు కాసేపు ఓర్చుకున్నాడట. తర్వాత నిచ్చెన దిగి, "ఎందుకండీ అలా కొడుతున్నారు? చచ్చిపోతాడండీ" అన్నాడు. అంతే. సాయంత్రానికి ఊరంతా తెలిసిన వార్త ఏమిటంటే, కర్టెన్లు కట్టడానికి వచ్చిన యువకుడు ఇనుపరాడ్డుతో పోలీసుల మీద దాడి చేశాడు. వీడికి రెండు పక్కటెముకలు విరిగాయి, ఎడమ చెవి పోయింది. కానిస్టేబులుకి చొక్కా గుండీ ఊడింది. ఆ దెబ్బలు తిన్న మూటలాయన మర్నాటికల్లా ఊళ్ళో లేడు. ఎక్కడికి పోయాడో, ఎవరు పొమ్మన్నారో ఈ రోజుకీ తెలీదు.

మూడో రోజున ఆమె ఒక లాయరమ్మతో రాయించి దరఖాస్తు పెట్టింది. హాల్లో మూడో నంబరు కెమెరా ఉంది, ఆ రోజు రికార్డింగు ఇవ్వండి అని. ఐదో రోజున జవాబొచ్చింది. ఆ కాగితం పట్టుకుని నేరుగా నా దుకాణానికి వచ్చింది.

"అన్నా, ఇది నీ సంతకమేనా?"

అది నా సర్వీసు స్లిప్పు నకలు. 'కెమెరా 3 చెడిపోయినది. రికార్డింగు లేదు' అని ఉంది. తేదీ సరిగ్గా గొడవకి ముందు రోజుది. కింద నా సంతకం. సంతకం నాదే, రాత నాది కాదు. ఆ ముందు రోజు నేను ఆ స్టేషనుకి వెళ్ళాను. డ్రిల్లు దుమ్ము పడిందంటే మూడో నంబరు కెమెరా అద్దం తుడిచి, బొమ్మ శుభ్రంగా వస్తోందని చూసుకుని మరీ వచ్చాను.

ఇక్కడ మా పనివాళ్ళ దిక్కుమాలిన అలవాటొకటి చెప్పాలి. నెలనెలా ప్రతి స్టేషనుకీ వెళ్ళి కెమెరాలు చూసి స్లిప్పు రాయాలి. కింద నా సంతకం, పక్కన స్టేషను కాగితాలు రాసే రైటరు ముద్ర పడాలి. ఆ రైటరు సీట్లో ఉండడు. ఉంటే ముద్ర బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ఇంకొకరి జేబులో ఉంటుంది. ఒక్క ముద్ర కోసం మూడేసిసార్లు తిరగలేక అందరం ఏం చేస్తామంటే, పాతిక ఖాళీ స్లిప్పుల మీద ముందే సంతకాలు గీకి పుస్తకం అక్కడే వదిలేసి వస్తాం. ఆయన తీరిగ్గా నింపుకుని ముద్ర వేసుకుంటాడు. ఆఫీసుల్లో పదేళ్ళుగా ఇదే అలవాటు, స్టేషన్లలోనూ అదే చేశాను. ఖాళీ కాగితం మీద సంతకం పెడుతున్నానన్న ఆలోచనే ఏనాడూ రాలేదు, నా బద్ధకం మండిపోను.

ఆమెకి ఆ మాట అక్కడే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నీళ్ళు నమిలాను. "రోజుకి ఎన్నో స్టేషన్లు చెల్లెమ్మా, చూసి చెప్తాను" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

మర్నాడు స్టేషనుకి వెళ్ళాను. రైటరు టీ తాగుతూ, "ఏంటి కెమెరాల అన్నా, మొహం అలా పెట్టావ్? సంతకం నువ్వే పెట్టావుగా. ఇప్పుడు కాదంటే దొంగ కాగితాలిచ్చినవాడివి నువ్వవుతావు. పదకొండు స్టేషన్లు, నెలనెలా స్లిప్పులు. అన్నీ తీయమంటావా?" అన్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. పిల్లాడికి లెక్క నేర్పినట్టు చెప్పాడు. ఇంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు.

రికార్డింగు డబ్బా ఉండేది ఆ గదిలోనే. దాని పాస్‌వర్డు పెట్టింది నేనే. మానిటరు వేసి, తేదీ కొట్టి, మూడో నంబరు తెరిచాను. ఉంది. అంతా ఉంది. నాలుగు నిమిషాలు. నిలబడి చూశాను. నా చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. నా పనిలో అది లేకుండా ఎక్కడికీ వెళ్ళను. ఎక్కించుకోవడానికి రెండు నిమిషాలు చాలు. రైటరు పది నిమిషాల దాకా రాలేదు. నా చెయ్యి జేబు దాకా వెళ్ళింది. దాన్ని తడిమింది కూడా. తర్వాత మానిటరు ఆపేసి, కుర్చీ ఎక్కడిదక్కడ సర్ది, బయటికొచ్చేశాను.

ఎందుకూ అంటే ఏం చెప్పను? భయం. పదకొండు స్టేషన్ల పని. ఇంకా రోజులున్నాయిలే అన్న ధీమా. ఆ డబ్బాలో ముప్పై రోజుల బొమ్మే నిలుస్తుంది. ముప్పై ఒకటో రోజున కొత్తది పాతదాన్ని చెరిపేసి దాని చోట కూర్చుంటుంది. అప్పటికి ఆరో రోజు. ఇరవై నాలుగు రోజులున్నాయి, ఏదో ఒకటి చేద్దాం అనుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే మెడపట్టి మళ్ళీ స్టేషనుకి పంపించేదని తెలుసు. "కంచం ముందు పెట్టుకుని ఎటో చూస్తావేం?" అని అడిగితే తలనొప్పి అన్నాను.

ఊరు మాత్రం ఊరుకోలేదు. రోజూ స్టేషను ముందు జనం చేరేవాళ్ళు. "కర్టెన్లు తీయండి!" అని అరిచేవాళ్ళు. "దెబ్బలు పడ్డ రోజే కెమెరాకి జ్వరమొస్తుందేంట్రా?" అని టీకొట్టు దగ్గర ఒకాయనంటే, "జ్వరం కాదన్నా, సెలవు చీటీ ముందే రాసిచ్చింది" అని ఇంకొకాయన. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ సెలవు చీటీ రాసింది నేనే కదా, నవ్వకపోతే ఎలా?

పెద్దాఫీసరు పత్రికలవాళ్ళని పిలిచి మాట్లాడాడు. "మేము ప్రజలకి జవాబుదారీ" అన్నాడు. ఆ రోజు ఏం జరిగిందండీ అంటే, "విచారణలో ఉంది, చెప్పకూడదు" అన్నాడు. విచారణ ఎవరు చేస్తున్నారంటే అదీ చెప్పకూడదట. ఎప్పటికి తేలుతుందంటే అసలే చెప్పకూడదట. ఇరవయ్యో రోజున ఇంకో వింత జరిగింది. మా పేట స్టేషనుకి ఉత్తమ పారదర్శక స్టేషనని ప్రభుత్వం బహుమతిచ్చింది. ఇన్‌స్పెక్టరు కర్టెన్ల ముందు నిలబడి, ఫలకం పట్టుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో చూసి ఊరు ఊరంతా భగ్గుమంది. ఒకామె ఇంటి పాత దుప్పటి తెచ్చి, "ఇదీ కట్టుకోండ్రా, ఇంకాస్త పారదర్శకంగా ఉంటుంది" అని స్టేషను మెట్ల మీద విసిరేసి పోయింది.

ఆ మధ్యలోనే, పన్నెండో రోజో పదమూడో రోజో, కర్టెన్లక్క మళ్ళీ వచ్చింది. మనిషి సగమైంది. "అన్నా, నాకు ఆ మిషన్ల సంగతి తెలీదు. ఆ కెమెరాని బాగుచేస్తే ఆ రోజుది ఏమైనా వస్తుందా? కొంచెమైనా?" అని అడిగింది. ఆ మొహంలోకి చూడలేక చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూస్తూ, "చూద్దాం చెల్లెమ్మా" అన్నాను. ఆ రోజు నుంచి ఆ మలుపు తప్పించి చుట్టుదారిన తిరగడం మొదలుపెట్టాను.

ముప్పై ఒకటో రోజు వచ్చింది. పోయింది. ముప్పై మూడో రోజున నాకు ధైర్యమొచ్చింది. సిగ్గు విడిచి రాస్తున్నాను: ఇక చేయడానికేమీ మిగల్లేదని తెలిశాకే నాకు ధైర్యమొచ్చింది. ఆమె గదికి వెళ్ళి, "ఆ స్లిప్పు నింపింది నేను కాదు. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకుని వాళ్ళు రాసుకున్నారు. కెమెరా బాగానే ఉంది. నాకు నిన్ననే తెలిసింది" అన్నాను. నిన్ననే అన్నాను! ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "ఇంతమందిలో నువ్వొక్కడివి వచ్చావన్నా" అంది.

కోర్టులో కూడా అదే చెప్పాను. ఆలస్యంగా తెలిసిందన్న అబద్ధంతో సహా. అవతలి లాయరు లేచి, "సంతకం మీదే కదా? రికార్డింగు చూపించగలరా? లేదు కదా? ఇక కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. తమ్ముడికి రెండేళ్ళు వేశారు. వాడు ఆ ఎడమ చెవితో వినపడక, ఎంతన్నారక్కా అని అడిగాడు. ఆమె రెండు వేళ్ళు చూపించింది.

పదకొండు స్టేషన్ల పనీ పోయింది. పోతేనేం, ఊళ్ళో నా పరువు మాత్రం పెరిగింది. పని పోగొట్టుకుని మరీ నిజం చెప్పాడన్నారు. కర్టెన్లక్కయితే వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి చెప్పేది. కిందటి వారం కూడా అంతే. బడి ఆఫీసు కర్టెన్ల కోసం ఒక టీచరమ్మ వచ్చింది. నేను అటు వెళుతుంటే పిలిచి, "ఈయనేనండీ. సొంత అన్న ఉన్నా ఇంత చెయ్యడు" అంది. ఆ టీచరమ్మ లేచి నాకు నమస్కారం పెట్టింది. తల కొట్టేసినట్టయింది. ఆవిడ మెట్లు దాటగానే ఇక నావల్ల కాలేదు.

"చెల్లెమ్మా, నీకొకటి చెప్పాలి."

"చెప్పన్నా," అంది మిషను ఆపకుండానే.

చెప్పాను. ఆరో రోజు వెళ్ళానని, మానిటరు వేశానని, నాలుగు నిమిషాలూ చూశానని, జేబులో పెన్‌డ్రైవ్ ఉందని, పది నిమిషాలు గదిలో ఎవరూ లేరని. మిషను ఎప్పుడాగిందో నాకు తెలీదు.

"ఆ తర్వాతే కదా నేనొచ్చి అడిగింది. బాగుచేస్తే వస్తుందా అని," అంది.

"అవును."

"చూద్దాం అన్నావు."

"అన్నాను. తిట్టు చెల్లెమ్మా. చెంప పగలగొట్టు. పడతాను."

"కొడితే నీకు తేలికవుతుంది. ఇంటికెళ్ళి నిద్రపోతావు. కూర్చో," అంది. స్టూలు నా ముందుకి జరిపింది. "పై కోర్టుకి వెళ్తున్నాం. అక్కడ ఇదంతా చెప్తావు. చూస్తూ నిలబడ్డావని కూడా చెప్తావు."

"చెప్తాను."

"ముందు నాకు చెప్పు. వాడు నాకు చెప్పడు. ఎప్పుడడిగినా రెండు దెబ్బలే అక్కా అంటాడు. చూసింది నువ్వొక్కడివే. మొదట్నుంచీ చెప్పు." కొలతలు రాసుకునే పుస్తకం తెరిచి పెన్సిలు తీసింది.

నిచ్చెన దిగడం చెప్పాను. రెండు చేతులూ కట్టుకుని మాట్లాడాడని చెప్పాను. కానిస్టేబులు చొక్కా వీడు ముట్టుకోనే లేదు, కొట్టే ఊపులో ఆ గుండీ దానంతటదే ఊడిందని చెప్పాను. గోడకి ఆనించిన రాడ్డు ఎవరు తీశారో చెప్పాను. మొదటి దెబ్బ ఎక్కడ పడిందో, రెండోది ఎక్కడ పడిందో చెప్పాను. ఆమె దెబ్బకో గీత గీస్తోంది.

"తర్వాత?"

"తర్వాత తలెత్తి కెమెరా వైపు చూశాడు."

"ఊరికే చూశాడా?"

"వేలు పెట్టి చూపించాడు. అదిగో, అది చూస్తోంది అన్నట్టు వాళ్ళతో ఏదో అంటున్నాడు. మొత్తం మూడుసార్లు చూశాడు. మూడోసారికి వేలు లేవలేదు."

ఆమె పెన్సిలు ఆపింది. "కెమెరా పనిచేస్తోందని వాడికెలా తెలుసన్నా?" అని అడిగింది.

చెప్పక తప్పలేదు. "ముందు రోజు నేను అద్దం తుడుస్తుంటే నిచ్చెన పట్టుకున్నది వాడే. ఇది నిజంగా అన్నీ చూస్తుందా అన్నా అని అడిగాడు. అన్నీ చూస్తుందిరా, ఇక్కడ ఎవడూ ఏమీ చెయ్యలేడు అన్నాను."

"అయితే వాడు చూసింది కెమెరాని కాదన్నా," అంది. "నిన్ను."

ఆమె పుస్తకం మీదికి వంగి, "ఊఁ, మూడోసారి చూశాక ఏం జరిగింది? చెప్పు," అంది.